ఇనుము, అయొడిను – మన ఆడవాళ్ళ నీరసం



నలభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే నీరసం సంగతి రాకుండా మాటలు ముగియవు. “ఒంట్ల సత్తువ లేదక్కా”, “కాళ్ళు గుంజుతున్నయి వదినే”, “పొద్దున లేవంగనే పానం సోలిపోతున్నది” – నల్లగొండ వైపైనా, పాలమూరు వైపైనా వినిపించే మాటలివే. వినేవాళ్ళు కూడా “వయసు మీద పడుతున్నది గదా, ఆడపుటక అంటే అంతేనమ్మా” అని ఓదార్చి ఊరుకుంటారు. ఆ ఓదార్పు చాటున ఎన్ని జబ్బులు దాక్కుని ఉంటాయో!

ఈ ప్రసంగంలో ఆ నీరసం చరిత్రే చెప్పదలిచాను. నీరసానికి చరిత్ర ఏమిటని నవ్వకండి. కోటలకూ రాజులకూ ఉన్నట్టే జబ్బులకూ మందులకూ చరిత్ర ఉంది. ఆడవాళ్ళ నీరసానికి ముఖ్యమైన కారణాలలో రెండు చెప్పుకోవాలి. ఒకటి నెత్తురులో ఇనుము తగ్గడం. రెండవది మెడ ముందరి థైరాయిడ్ గ్రంథి మందగించడం. పాఠ్యపుస్తకాలలో దీనినే అవటు గ్రంథి అంటారు. వైద్యులు ఈ రెండింటినీ వందల ఏళ్ళపాటు రెండు వేరు వేరు దారులలో వెతుక్కుంటూ పోయారు. ఆ దారులు కలిసింది ఈమధ్యనే. కలిసిన చోట ఈనాడు మనలో ఎందరో ఉన్నారు, ఒక చేతిలో థైరాయిడ్ గోలీ, ఇంకో చేతిలో ఐరన్ గోలీ పట్టుకుని. ఆ గోలీల పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే వాటిని ఎట్లా వాడుకోవాలో కూడా తేలికగా తెలుస్తుంది.

ముందుగా ఇనుము సంగతి. నెత్తురు పలచబడి మనిషి పాలిపోయే జబ్బును మన ఆయుర్వేదం పాండురోగం అన్నది. చరక, సుశ్రుత సంహితలలోనే దాని లక్షణాలు ఉన్నాయి. లోహభస్మం, మండూరం దానికి మందులు. మండూరం అంటే మరేమో కాదు, ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. దాన్ని శుద్ధిచేసి, కాల్చి, నూరి మందుగా ఇచ్చేవారు. నెత్తురుకూ ఇనుముకూ సంబంధం ఉన్నదని మన పెద్దలు పరీక్షలూ యంత్రాలూ లేని రోజుల్లోనే పసిగట్టారన్న మాట.

మన తెలంగాణ గడ్డ ఒకప్పుడు ఉక్కుకు పేరుపడ్డ గడ్డ. నిజామాబాదు వైపు ఉన్న కోనసముద్రం ఉక్కు, కత్తులు చేసుకోవడానికి దూరదేశాలకు పోయేది. ఇనుము నేలలో ఉన్నది, కొలిమిలో ఉన్నది, కత్తిలో ఉన్నది. ఆడదాని నెత్తురులో మాత్రం కరువైంది.

ఈ కరువు మనకే ప్రత్యేకం కాదు. ఐరోపాలో వందల ఏళ్ళపాటు వయసు వచ్చిన ఆడపిల్లలు పాలిపోయి, ఆయాసపడి, మూలకు కూర్చుంటే “పచ్చ జబ్బు” అనేవారు. ముఖం ఒక విధమైన ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుందని ఆ పేరు. ప్రేమ విఫలమైతే వస్తుందని కొందరు, పెళ్ళి చేస్తే పోతుందని కొందరు చెప్పేవారు. నెలనెలా పోయే నెత్తురు, దానికి సరిపడని తిండి అని ఆలోచించినవారు తక్కువ. 17వ శతాబ్దంలో సిడెన్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఇనుప రజను ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చి గుణం చూశాడు. 1832లో బ్లో అనే ఫ్రెంచి వైద్యుడు ఇనుముతో మాత్రలు తయారుచేశాడు. ఈనాటి ఐరన్ గోలీకి అది తాతమ్మ వంటిది.

అయితే ఇనుము ఒక్కటే అన్ని రకాల రక్తహీనతనూ కుదర్చలేదు. దీనికి మన దేశంలోనే ఒక నిదర్శనం దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే వైద్యురాలు ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చింది. బట్టల మిల్లులలో పనిచేసే బీద గర్భిణీ స్త్రీలు ఎందుకంత రక్తహీనతతో బాధపడుతున్నారో తెలుసుకోవడానికి పూనుకున్నది. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఏం వండుతున్నారో, ఏం తింటున్నారో చూసింది. చివరకు ఈస్టు సారంతో తయారయ్యే మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే వాళ్ళకు నెత్తురు పట్టడం కనిపెట్టి, 1931లో ప్రకటించింది. అందులో ఏదో తెలియని జీవద్రవ్యం ఉన్నదన్నది. ఆ తెలియనిదాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టి, తరువాత అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన ఆధ్వర్యాన 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. ఆశా కార్యకర్త మన చేతిలో పెట్టే ఐరన్ గోలీలో ఇనుముతోపాటు ఉండే రెండవ మందు అదే.

1970లో భారత ప్రభుత్వం గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, చిన్నపిల్లలకూ ఈ మాత్రలు పంచే పథకం మొదలుపెట్టింది. 2018 నుంచి అది “అనీమియా ముక్త్ భారత్” అనే పేరున నడుస్తున్నది. ఇన్నేళ్ళ పంపకం తరువాత కూడా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఇద్దరు కూర్చుంటే ఒకరికి ఉన్నట్టే. గోలీ చేతికి అందడం వేరు, నెత్తురులో కలవడం వేరు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇక రెండవ దారి. మెడ ముందర వాపును మన ఆయుర్వేదం గలగండం అన్నది. అది హిమాలయాల పాదాలలోనూ, ఐరోపాలో ఆల్ప్స్ కొండలలోనూ ఎక్కువ. అక్కడి నేలలోని అయొడిను వానలకూ వరదలకూ కొట్టుకుపోయి, పంటలో లేకుండా పోతుంది. 1811లో ఫ్రాన్సులో సముద్రపు నాచు బూడిద నుంచి అయొడిను బయటపడింది. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే దాన్ని గలగండానికి మందుగా ఇచ్చాడు. 1922లో స్విట్జర్లాండ్, 1924లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం అయొడిను కలిపిన ఉప్పును వాడుకలోకి తెచ్చాయి.

వాపు కంటికి కనబడుతుంది కనుక వెతికారు. వాపు లేకుండా గ్రంథి మందగిస్తే ఎవరు చూస్తారు? 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు కొందరు నడివయసు స్త్రీల సంగతి సభలో చదివి వినిపించాడు. ముఖం ఉబ్బడం, మాట బరువెక్కడం, చలికి తాళలేకపోవడం, పనిలో మందకొడితనం – ఇవీ ఆయన చెప్పిన లక్షణాలు. అంతకుముందు అటువంటి స్త్రీలను సోమరులనో, మతి మందగించినవారనో అనుకుని ఉంటారు. ఇది ఒక జబ్బు అని వేలు పెట్టి చూపించినవారిలో ఆయన మొదటివాడు.

1891లో న్యూకాసిల్ అనే ఊళ్ళో జార్జి మర్రే అనే యువ వైద్యుడు 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన రసం సూదితో ఎక్కించాడు. మంచాన పడ్డట్టున్న మనిషి కొద్ది నెలల్లో లేచి తిరిగింది. ఆ తరువాత ఆ రసం నోటి ద్వారా తీసుకుంటూ 28 ఏళ్ళు బతికి, 1919లో 74వ ఏట కన్నుమూసింది. ఆమె ఒక్కతె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడవలసి వచ్చిందట! 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, అమెరికాలో కెండాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రసంలోని అసలు పదార్థం థైరాక్సిన్‌ను విడదీశాడు. 1927లో లండన్‌లో హారింగ్టన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఇవాళ మనం పరగడుపున వేసుకునే చిన్న గోలీ చరిత్ర ఇది. గొర్రెల మంద చేసే పని చిటికెడంత మందు చేస్తున్నది.

ఈ రెండు దారులూ మన హైదరాబాదు మీదుగా పోయాయన్నది తెలుసుకోదగిన సంగతి. కొంతకాలం కాశ్మీరు ఎగువన గిల్గిట్‌లో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు పనిచేశాడు. గలగండం నీళ్ళ వల్లనే వస్తుందేమోనని, అక్కడి నీళ్ళ అడుగున దిగిన మడ్డి తాను తాగి, ముందుకు వచ్చిన మరికొందరి చేత తాగించి చూశాడు. ఆ మెకారిసన్‌గారే 1918లో నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. 1969 నుంచి దానికి ఆ పేరు.

రెండవవారు 1921లో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు. 1956లో ఆయనా, ఆయన సహచరులూ హిమాలయాల కాంగ్రా లోయను మూడు భాగాలుగా చేసుకున్నారు. రెండు భాగాలకు అయొడిను కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఐదారేళ్ళు గడిచేసరికి అయొడిను ఉప్పు తిన్నచోట గలగండం సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడి వాపు అక్కడే ఉన్నది. ఆ తరువాత మూడు చోట్లా అయొడిను ఉప్పే ఇచ్చారు. ఆ ఫలితాన్ని చూసే 1962లో దేశంలో గలగండ నివారణ పథకం మొదలైంది. 1992లో దాని పేరూ పరిధీ పెంచారు. ఎందుకంటే కొండ ప్రాంతాలకే ఈ లోటు పరిమితం కాదని అప్పటికి తేలిపోయింది. 2006 నుంచి తినడానికి అమ్మే ఉప్పులో అయొడిను తప్పనిసరి. ఇప్పటికీ సంతలో బస్తాల్లో వచ్చే దొడ్డుప్పు కొనే ఇళ్ళు ఉన్నాయి. ప్యాకెట్టు మీద గుర్తు చూసి కొనండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యి సెగ తగలని చోట ఉంచండి. సముద్రానికి దూరంగా ఉన్న మన మెట్ట జిల్లాలకు అయొడిను తెచ్చిపెట్టేది ముఖ్యంగా ఆ ఉప్పే.

మన జిల్లాల మాట వచ్చింది గనుక మన తిండి చరిత్ర కూడా కొంచెం తిరగేద్దాం. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఎర్ర చెలకల, దుబ్బ నేలల జిల్లాలు. వాన నమ్ముకున్న పంటలు – జొన్న, సజ్జ, తైదలు, కొర్రలు, కంది, ఉలవ, ఆముదం. పొద్దున అంబలి, పగలు జొన్న గటక, రాత్రి జొన్నరొట్టె, పక్కన పుంటికూరో ఉలవకట్టో. వరి అన్నం పండుగనాటి తిండి. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు పారి, నల్లగొండ జిల్లా కొంతభాగం వరి పొలమైంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. కరువులో వలసపోయే పాలమూరు కూలీ కుటుంబాలకు అది పెద్ద ఆసరా అయింది. కడుపు నిండింది, అందులో రెండో మాట లేదు. కాని ఒక్క లెక్క చూడండి. 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. జొన్నలో సుమారు 4, సజ్జలో 6కు పైగా, ఉలవలలో 8కి పైగా ఉంటుంది. పోషకాహార సంస్థవారి 2020 లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నెలసరి ఉన్న స్త్రీకి 29 కావాలి. కావలసింది ఆమెకు ఎక్కువ, కంచంలో మిగిలేది ఆమెకు తక్కువ. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ ఊడ్చుకు తినే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

నల్లగొండ అనగానే నీళ్ళు గుర్తుకు వస్తాయి. ఇక్కడి భూగర్భ జలాలలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు వంకరపోయిన సంగతి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ప్రపంచమంతా “నల్లగొండ పద్ధతి” అనే పేరు. ఈ చేదు అనుభవం వల్ల మన దగ్గర ఏ నొప్పి వచ్చినా, ఏ నీరసం వచ్చినా “నీళ్ళ దోషం” అని సరిపెట్టుకోవడం అలవాటైంది. మంచినీళ్ళు తాగవలసిందే. కాని నీళ్ళ మీద నెట్టేసి నెత్తురు పరీక్ష మానుకుంటే కుదిరే జబ్బు కూడా కుదరకుండా పోతుంది.

ఇప్పుడు రెండు దారులు కలిసిన చోటికి వద్దాం. థైరాయిడ్ గ్రంథి తన రసాన్ని తయారుచేసుకోవడానికి అయొడిను కావాలి. ఆ అయొడినును అతికించే పనివాడు ఒక ఎంజైము. ఆ ఎంజైము పనిచేయడానికి ఇనుము కావాలి. కనుక నెత్తురులో ఇనుము తగ్గితే థైరాయిడ్ పని కూడా కుంటుపడుతుంది. 2000 ప్రాంతంలో ఆఫ్రికాలోని ఐవరీకోస్ట్ దేశంలో గలగండం ఉన్న పిల్లల మీద చేసిన పరిశీలనలో, ఇనుము తక్కువైన పిల్లలకు అయొడిను ఇచ్చినా వాపు సరిగా తగ్గలేదు. ఇనుము కూడా అందిస్తే తగ్గింది.

దీనికి తిరుగుదారి కూడా ఉన్నది. థైరాయిడ్ మందగిస్తే ఎముకల మూలుగలో నెత్తురు తయారుకావడం తగ్గుతుంది. కడుపులో ఆమ్లం తగ్గి తిన్న ఇనుము ఒంటికి పట్టదు. చాలామందికి నెలసరిలో నెత్తురు ఎక్కువగా పోతుంది. అంటే రాబడి తగ్గి, ఖర్చు పెరుగుతుంది. పైగా రెండు జబ్బుల లక్షణాలూ అక్కాచెల్లెళ్ళ పోలికలే – నీరసం, జుట్టు రాలడం, చలి, మతిమరుపు, పనిమీద మనసు లేకపోవడం. ఒకటి దొరికిందని రెండవదాన్ని వెతకడం మానేస్తే సగం వైద్యమే అవుతుంది. థైరాయిడ్ గోలీ ఏళ్ళ తరబడి వేసుకుంటున్నా నీరసం పోలేదని బాధపడేవాళ్ళు నెత్తురు శాతం, ఫెరిటిన్ పరీక్ష చేయించారా అని డాక్టరును అడగాలి. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము లెక్క. గాదెలో గింజలు ఎన్ని ఉన్నాయో చూసుకోవడం వంటిది. ఐరన్ గోలీలు ఎన్ని మింగినా నెత్తురు పెరగనివాళ్ళు థైరాయిడ్ పరీక్ష సంగతి అడగాలి.

2013లో అచ్చయిన ఒక పరిశీలనలో హైదరాబాదుతో సహా 8 నగరాలలో 5 వేల మందికి పైగా పెద్దవాళ్ళను చూస్తే, సుమారు నూటికి 11 మందికి థైరాయిడ్ మందగించి ఉన్నది. అయొడిను ఉప్పు వచ్చాక కూడా ఇదేమిటంటారా? ఇప్పుడు కనబడే కేసులలో చాలా వాటికి కారణం అయొడిను లోటు కాదు. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరపడి గ్రంథి మీద తిరగబడడం. జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన జబ్బు ఇది. కనుక ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ కుదురుతుందనుకోవద్దు. గోలీ మానవద్దు. ఈ జబ్బు ఉన్న కొందరికి బి12 విటమిన్ కూడా ఒంటికి పట్టదు. అది కూడా నెత్తురు తగ్గిస్తుంది. ప్రతి రక్తహీనతా ఇనుము లోటే కాదు.

మరి ఇనుమూ, అయొడినూ రెండూ కావాలి గదా, ఒకే ఉప్పులో కలిపి ఇస్తే పోదా అని మీకు తోచవచ్చు. తార్నాక సంస్థవారికీ అదే తోచింది. 1970 దశకంలో వాళ్ళు ఇనుము కలిపిన ఉప్పు తయారుచేశారు. దానికి అయొడినును జతచేయబోతే చిక్కు వచ్చింది. ఇనుము తగిలితే అయొడిను నిలవదు. చివరకు ఇద్దరి మధ్యా ఒక ఫాస్ఫేటు పదార్థాన్ని కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. ఈనాడు రెండూ కలిసిన ఉప్పు దొరుకుతున్నది. తోడికోడళ్ళు ఇద్దరూ ఇంటికి కావలసినవారే, మధ్యన అత్తగారి చాకచక్యం ఉండాలంతే!

కడుపులో కూడా ఇదే తంతు. 1992లో కెనడా వైద్యులు థైరాయిడ్ గోలీ వాడుతున్న 14 మందికి దానితోపాటే ఐరన్ గోలీ కూడా 12 వారాలు ఇచ్చి చూశారు. థైరాయిడ్ గోలీ శక్తి తగ్గింది. గాజుపాత్రలో ఆ రెండు మందులనూ కలిపి చూస్తే ఊదారంగు పదార్థంగా ముద్దకట్టింది. అది సరిగా కరగదు. కరగనిది పేగు దాటి నెత్తురులోకి పోలేదు.

పత్తి ఏరడానికో, నాట్లకో తెల్లవారుజామున ఆటో ఎక్కే అక్కచెల్లెళ్ళు ఎందరో “ఒక్కసారే వేసుకుంటే ఓ పని అయిపోతది” అని రెండు గోలీలూ కలిపి, పైన వేడి వేడి చాయ్ తాగి పోతుంటారు. రెండు గోలీలకూ రోజూ సమయం పెట్టి, ఫలితం రెండింటికీ లేకుండా పోతుంది. పాపం, ఆర్నెల్ల తరువాత పరీక్షలో థైరాయిడ్ పెరిగిందని డాక్టరుగారు మోతాదు పెంచుతారు. పెంచవలసింది మోతాదు కాకపోవచ్చు, రెండు గోలీల మధ్య ఎడం కావచ్చు. గోలీ చేతికి అందడం వేరు, నెత్తురులో కలవడం వేరు అన్నది ఇందుకే.

కనుక ఈ క్రమం పాటించండి. నిద్ర లేవగానే పరగడుపున థైరాయిడ్ గోలీ, మంచినీళ్ళతో మాత్రమే. చాయ్, తిండి అరగంట నుంచి గంట తరువాత. ఐరన్ గోలీ దానికి కనీసం 4 గంటల ఎడంగా, మధ్యాహ్నమో రాత్రి పడుకునే ముందో. క్యాల్షియం గోలీకి కూడా అదే 4 గంటల ఎడం. గర్భిణులకు ఐరన్, క్యాల్షియం రెండూ ఇస్తారు. వాటిని కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు నెల తప్పిన వెంటనే ఆ మాట డాక్టరమ్మకు చెప్పాలి. అప్పుడు మోతాదు పెంచవలసి రావచ్చు. బిడ్డ మెదడు ఎదుగుదల దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఐరన్ గోలీ వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుంది, భయపడకండి. మలబద్ధకం వస్తుంది. థైరాయిడ్ మందగించినా అదే బాధ గనుక రెండూ ఉన్నవాళ్ళకు మరీ ఇబ్బంది. అందుకని గోలీలు కిటికీలోంచి పారవేయకుండా, మోతాదు మార్చమనీ, రోజు విడిచి రోజు ఇవ్వవచ్చునేమో చూడమనీ డాక్టరును అడగండి. పరీక్ష లేకుండా మాత్రం ఐరన్ గోలీలు కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగవద్దు. ఇనుము ఎక్కువైనా చేటే.

వంటింటి సంగతి రెండు ముక్కలు. ఆకుకూరలలోనూ పప్పులలోనూ ఉన్న ఇనుము ఒంటికి పట్టడం కొంచెం కష్టం. పులుపు తోడైతే, అందులోనూ నిమ్మ, ఉసిరి, జామ వంటివి తోడైతే పడుతుంది. నకిరేకల్ నిమ్మకాయలు మన ఇంటి ముందరే ఉన్నవి. పప్పు దించాక పిండుకోండి, వేడి మీద మరగబెట్టకండి. పెసలు, బొబ్బర్లు, ఉలవలు మొలకెత్తిస్తే ఇనుమును పట్టి ఉంచే గుణం తగ్గుతుంది. పుంటికూర ఇనుప మూకుట్లో వండితే మూకుడు ఇనుము కూడా కొంత కూరలోకి దిగుతుంది. తినేవాళ్ళకు మేక కార్జం, మాంసం, చేపలు మంచివి. వాటిలో ఇనుము తేలికగా ఒంటపడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు చేసే నువ్వుల సత్తు ఏడాదికి ఒక్కరోజే తినాలని శాస్త్రం లేదు. అన్నం తిన్న వెంటనే చాయ్ మాత్రం వద్దు. ఒక గంట ఆగండి. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నది గనుక నెత్తురు పడుతుందన్నది రంగు చూసి పడ్డ భ్రమ.

థైరాయిడ్ ఉంటే సజ్జలు తినరాదని కొందరు భయపెడుతున్నారు. దాని వెనుక కథ ఇది. సూడాన్ దేశంలోని దార్ఫూర్‌లో సజ్జలే ముఖ్యమైన తిండిగా, అయొడిను కూడా కరువుగా ఉన్నచోట గలగండం ఎక్కువగా కనబడింది. అయొడిను ఉప్పు వాడుతూ, జొన్న, బియ్యం, తైదలతో మార్చి మార్చి తినేవాళ్ళు సజ్జరొట్టెకు అంతగా భయపడనక్కరలేదు. క్యాబేజీ కూడా ఉడికించి మితంగా తినవచ్చు. సోయా, మీల్ మేకర్ మాత్రం థైరాయిడ్ గోలీ దగ్గరలో తినవద్దు.

ఈ చరిత్రనంతా కలిపి చూస్తే నాకు ఒక్కటి తోస్తుంది. పచ్చ జబ్బు పిల్లకు పెళ్ళి చేయమన్నారు. ముఖం ఉబ్బిన స్త్రీని మందమతి అన్నారు. మిల్లు కూలీ పాలిపోతే బీదరికం అన్నారు. ఎవరో ఒకరు వాళ్ళ మాట చెవినబెట్టి, నాడి చూసి, కంచంలో ఏమున్నదో తొంగిచూసినప్పుడే మందు దొరికింది. మందులు ఇప్పుడు మన ఊళ్ళోకి వచ్చాయి. మిగిలింది మనం నోరు విప్పడం. ఈసారి మీ అత్తగారైనా, వదినెగారైనా “ఒంట్ల సత్తువ లేదు” అంటే, “ఆడపుటక అంతే” అనకండి. “నెత్తురు పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రెండూ చేయించినవా?” అని అడగండి. అట్లాగే మీ కంచంలో మీ వాటా ముందే తీసి పెట్టుకోండి.